పాఠకుల ప్రశ్నలు: నైజీరియన్లు, చోక్టాలు, మన బొగ్గు ఊళ్లు

ప్రశ్న: సంపాదకుల వారికి నమస్కారం. నేను సింగరేణిలో ముప్పై నాలుగేళ్లు బాయి పని చేసి రిటైరైన కార్మికుణ్ణి. నిరుడు డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి నాలుగు నెలలు ఉన్నాను. పక్కింట్లో నైజీరియా నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఆమె నర్సు, ఆయన ఇంజనీరు. సొంత ఇల్లు ఉంది, పిల్లలిద్దరూ కాలేజీలో చదువుతున్నారు. ఆమె సొంతూరు ఎనుగు అనీ, వాళ్ల తాత అక్కడి బొగ్గు గనిలో పనిచేశాడనీ విని చాలా సంతోషించాను. ఒక ఆదివారం మావాడు ఎర్ర నది దాటించి ఓక్లహోమాలోని డ్యూరంట్‌కు తీసుకుపోయాడు. అది చోక్టా అనే ఆదివాసుల రాజ్యమన్నాడు. వాళ్ల పెద్ద కాసినో, సొంత దవాఖాన, సొంత నంబరు ప్లేట్లు చూశాను. ఊరు దాటగానే మాత్రం పాతబడిన ట్రైలర్ ఇళ్లు కనిపించాయి. మా అబ్బాయి స్నేహితులు, ‘నైజీరియా వాళ్లు కష్టపడతారు కాబట్టి పైకొచ్చారు, చోక్టాలు సర్కారు సాయానికి అలవాటుపడి అక్కడే ఉండిపోయారు’ అంటున్నారు. ఇది నిజమేనా? అసలు ఈ ఇద్దరిలో ఎవరి పరిస్థితి మెరుగు?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మీ అబ్బాయి స్నేహితులు చెప్పిన మాటను ముందు పరిశీలించాలి, ఎందుకంటే మన దగ్గర కూడా కోయల గురించి, గోండుల గురించి అచ్చంగా ఇదే మాట చెప్పుకునేవారు తక్కువేమీ లేరు. మీ పక్కింటి నర్సు ఇరవై కోట్లు దాటిన జనాభాలోంచి చదువు, పరీక్షలు, వీసా, ప్రయాణ ఖర్చు అనే జల్లెళ్లన్నీ దాటి వచ్చిన మనిషి. అమెరికాలో స్థిరపడిన నైజీరియన్ పెద్దల్లో సగానికి పైగా డిగ్రీ చదివినవారే కాగా, నైజీరియాలో కోటి మందికి పైగా పిల్లలు బడికి దూరంగా ఉన్నారని యునిసెఫ్ చాలా కాలంగా చెబుతూ వస్తోంది. డల్లాస్‌లోని తెలుగు ఇంజనీరును చూసి జమ్మికుంట పత్తి రైతు సంగతి ఊహించడం ఎంత సబబో, ఆ నర్సును చూసి నైజీరియా సంగతి ఊహించడమూ అంతే సబబు. చోక్టాలను ఏ జల్లెడా పట్టలేదు. చదువుకున్నవారు, చదువు లేనివారు, జబ్బు మనుషులు, ముసలివారు అందరూ ఒక్కచోటే ఉన్న సమాజం అది. అందువల్ల మీ ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే డల్లాస్ వీధిని పక్కన పెట్టి, నైజీరియాలోని ఊళ్లనూ చోక్టాల ఊళ్లనూ చూడాలి.

నైజీరియాను ఒక్క సమాజం అనుకోవడం కూడా సరికాదు. అక్కడ హౌసా, యోరుబా, ఇగ్బో అనే మూడు పెద్ద జాతులతో పాటు రెండు వందల యాభైకి పైగా జాతులు ఉన్నాయి. ఆ దేశ ప్రభుత్వ గణాంకాల సంస్థ 2019లో లెక్క తీసినప్పుడు దేశం మొత్తం మీద 40.1 శాతం, అంటే 8.29 కోట్ల మంది పేదరిక రేఖకు దిగువన ఉండగా, ఆ శాతం లాగోస్ రాష్ట్రంలో 4.5 మాత్రమే, ఉత్తరాన ఉన్న సొకోటో రాష్ట్రంలో 87.7. ఒకే జెండా కింద ఇంత తేడా రావడానికి చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్లు ఉత్తరాది ఎమిరేట్లను అక్కడి పాలకుల ద్వారానే ఏలుతూ మిషనరీ బడులను ఆ ప్రాంతానికి పెద్దగా రానివ్వలేదు. దక్షిణాన బడులు ముందే వచ్చాయి, పడమటి ప్రాంత ప్రభుత్వం 1955లోనే ఉచిత ప్రాథమిక విద్యను ప్రవేశపెట్టింది. అంటే సొకోటో రైతు పేదరికానికి కారణాన్ని అతని కష్టంలో వెదకడం దండగ.

ఇక మీ మనసుకు దగ్గరైన బొగ్గు విషయానికి వస్తాను. మన సింగరేణి కథ మీకు నేను చెప్పనక్కరలేదు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తెలిసింది, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడింది. ఎనుగు దగ్గరి ఉడి కొండల్లో బొగ్గు కనిపించింది 1909లో, తవ్వకం మొదలైంది 1915లో. ఆ బొగ్గును ఓడలకు ఎక్కించడానికే పోర్ట్ హార్‌కోర్ట్ రేవును, అక్కడిదాకా రైలు దారిని కట్టారు. 1949 నవంబర్ 18న ఎనుగు పక్కన ఉన్న ఈవా లోయ గనిలో, రావలసిన బకాయి జీతాల కోసం పని నెమ్మదించిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపి 21 మందిని చంపారు. ఆ నర్సు తాత ఆ రోజుల్లో గనిలో ఉండి ఉంటే ఆ పేర్లలో కొన్నిటిని ఎరిగే ఉంటాడు. మళ్లీ ఆమె కనిపిస్తే అడగండి, మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

1956లో ఒలోయిబిరి అనే ఊళ్లో చమురు పడిన తరువాత నైజీరియా చూపు బొగ్గు నుంచి మళ్లింది. 1967 నుంచి 1970 వరకు సాగిన అంతర్యుద్ధంలో ఎనుగు, ఇగ్బోలు ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతం విడిపోయి ప్రకటించుకున్న బియాఫ్రాకు రాజధాని అయి దెబ్బతిన్నది. యుద్ధం ముగిశాక బ్యాంకులో ఎంత దాచుకున్నవారికైనా ఇరవై పౌండ్లే చేతిలో పెట్టారు. ఇగ్బోలు ఆ ఇరవై పౌండ్లతో మళ్లీ వ్యాపారాల్లో నిలదొక్కుకున్నారన్నది నిజం. మన వరంగల్ చిట్టీల వంటి ‘ఇసుసు’ పొదుపు బృందాలు, దుకాణంలో కుర్రవాణ్ణి కొన్నేళ్లు పెట్టుకొని పని నేర్పి చివరికి పెట్టుబడి ఇచ్చి పంపే ఆచారం, ఊరి సంఘాలు వారిని ఆదుకున్నాయి. కష్టపడే గుణం లేదని ఎవరూ అనలేరు. అయినా ఎనుగు గనుల చుట్టూ ఉన్న ఊళ్లు బొగ్గు వల్ల బాగుపడలేదు, చమురు దొరికే నైజర్ నది డెల్టాలోని ఊళ్లు చమురు వల్ల బాగుపడలేదు. ఎందుకంటే భూగర్భంలోని చమురు మొత్తం కేంద్ర ప్రభుత్వానిదేనని 1969 చట్టం, ప్రతి రాష్ట్రంలోని భూమి గవర్నరు అధీనంలో ఉంటుందని 1978 చట్టం చెప్పాయి. చమురు ఆదాయంలో కనీసం 13 శాతం అది పుట్టిన రాష్ట్రాలకు ఇవ్వాలని 1999 రాజ్యాంగంలో రాసుకున్నా, అది చేరేది రాష్ట్ర ఖజానాకే కానీ ఊరికి కాదు. డెల్టాలోని ఓగోనీ జాతి తరఫున మాట్లాడిన రచయిత కెన్ సారో వివాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబర్ 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. ఓగోనీ నేల, నీరు పూర్తిగా బాగుపడటానికి పాతిక నుంచి ముప్పై ఏళ్లు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో నివేదిక ఇచ్చింది.

చోక్టాలకూ బొగ్గు ఉందన్న సంగతి డ్యూరంట్‌లో మీకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. వారి అసలు నేల మిసిసిపీ. 1830లో కుదిరిన ఒప్పందం కింద కోటీ పది లక్షల ఎకరాలు వదులుకొని, 1831 నుంచి చలిలో, కలరాలో, తిండి చాలక, వేల మందిని దారిలోనే పోగొట్టుకుంటూ ఓక్లహోమాకు నడిచారు. ‘ఓక్లహోమా’ అన్న పేరే వారి భాషలో ‘ఎర్ర మనుషులు’ అని. అంత నష్టపోయి వచ్చినవారు 1842 నాటికే తమ సొంత బడుల వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నారు. రైలు వచ్చాక మెకాలిస్టర్, క్రెబ్స్ పట్టణాల చుట్టూ బొగ్గు తవ్వకం మొదలైంది, ఆ రాయల్టీ చోక్టా ఖజానాకు వచ్చి బడులకు ఖర్చయింది. ఒక ఆదివాసీ ప్రభుత్వం తన నేలలోని బొగ్గు మీద తానే రాయల్టీ వసూలు చేసి బడులు నడిపిందన్న మాట చదివినప్పుడు, గనుల మధ్య పుట్టి పెరిగిన నాకు ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఆ ఏర్పాటును 1898 నాటి చట్టంతో అమెరికా ప్రభుత్వం కూల్చివేసింది. జాతి ఉమ్మడి భూమిని తలా 320 ఎకరాల చొప్పున పంచి, సొంత కోర్టులను రద్దు చేసి, బడులను తన చేతిలోకి తీసుకున్నది. 1908లో ఆ పట్టాల మీది ఆంక్షల్లో చాలా వాటిని ఎత్తివేయగానే, పిల్లల భూములకు సంరక్షకులమని కోర్టుల్లో రాయించుకున్నవారు, అప్పులిచ్చినవారు, వేలం పాటలు పాడినవారు కలిసి ఆ భూమిలో అత్యధిక భాగాన్ని రెండు తరాలలోపే చేజిక్కించుకున్నారు. ఉమ్మడిగా మిగిల్చిన బొగ్గు భూములను 1940ల చివర ఫెడరల్ ప్రభుత్వమే కొనేసింది. చివరికి జాతి అధినేతను కూడా 1970 దాకా అమెరికా అధ్యక్షుడే నియమిస్తూ వచ్చాడు. చోక్టా ప్రభుత్వాన్ని పూర్తిగా ముగించాలని 1959లో ఒక చట్టం చేశారు, అది అమలులోకి రావడానికి ఒక్క రోజు ముందు, 1970 ఆగస్టులో రద్దయింది. మీరు చూసిన ట్రైలర్ ఇళ్లను ఈ డెబ్బై ఏళ్ల లెక్కతో కలిపి చూడవలసి ఉంటుంది. ‘సర్కారు సాయం’ అని మన పిల్లలు అంటున్నదాంట్లో చాలా భాగం, భూమి తీసుకున్నందుకు ఒప్పందాల్లో రాసిచ్చిన బాకీయే.

ఇప్పుడు మీరు చూసిన దవాఖాన, కాసినో 1975 తరువాతి మాట. తమ కోసం కేటాయించిన ఫెడరల్ పథకాలను తామే నడుపుకునే హక్కు ఆ సంవత్సరపు చట్టంతో జాతులకు వచ్చింది. చోక్టాలు 1980లలో టాలిహీనా పట్టణంలోని ఆస్పత్రిని తమ చేతిలోకి తీసుకొని, 1999లో సొంత డబ్బుతో కొత్తది కట్టుకున్నారు. డ్యూరంట్‌లో బింగో హాలు 1987లో మొదలైంది, ఆ మరుసటి ఏడాది వచ్చిన చట్టం జూదశాలల ఆదాయం జాతి ప్రభుత్వానికీ, ప్రజల సంక్షేమానికీ పోవాలని నియమం పెట్టింది. అదృష్టం కూడా తోడైందని ఒప్పుకోవాలి. టెక్సస్‌లో వాణిజ్య కాసినోలు పెట్టనివ్వరు కాబట్టి డల్లాస్ జనం నది దాటి డ్యూరంట్‌కు వస్తారు. ఎడారిలో ఎక్కడో ఉన్న జాతికి ఆ వసతి లేదు. జూదం మీద వచ్చే డబ్బు నాకు రుచించదు కానీ, ఆ డబ్బు స్కాలర్‌షిప్పులుగా, క్లినిక్కులుగా, ఇళ్లుగా మారుతున్న తీరును కాదనలేను.

ఎవరి పరిస్థితి మెరుగని అడిగారు. ఆదాయం, కరెంటు, వైద్యం కొలతగా తీసుకుంటే సగటు చోక్టా కుటుంబం సగటు నైజీరియా కుటుంబం కన్నా ఎంతో మెరుగు. నైజీరియాలో వైద్యానికయ్యే ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా జనం తమ జేబులో నుంచే పెట్టుకుంటారు, చోక్టా సభ్యులకు జాతి క్లినిక్కులు ఉన్నాయి. తోటి అమెరికన్లతో పోల్చినప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. అమెరికాలో మధుమేహం అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఆదివాసుల్లోనే, కోవిడ్ కాలంలో, 2021లో, అక్కడి ఆదివాసుల సగటు ఆయుష్షు 65 ఏళ్లకు పడిపోయింది. భాష సంగతి చూస్తే ఇగ్బో, యోరుబా, హౌసాలను కోట్ల మంది మాట్లాడుతుండగా, చోక్టా భాష ధారాళంగా వచ్చినవారు ముసలివారిలోనే ఎక్కువగా మిగిలారు. నైజీరియన్లకు సొంత దేశం దక్కింది, ఊరికి అధికారం దక్కలేదు. చోక్టాలకు దేశం పోయింది, కొంత అధికారం తిరిగి వచ్చింది. వచ్చిన దగ్గర ఆస్పత్రి లేచింది.

ప్రశ్న: పై ఉత్తరం రాసిన పెద్దాయన మాకు బంధువు. చోక్టాల ప్రాంతంలో నల్లజాతి కుటుంబాలు కూడా కనిపించాయని చెప్పారు. వాళ్లు నైజీరియా నుంచి వచ్చినవారేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: వారిలో కొందరు మీ బంధువు పొరుగువారిలాగా ఇటీవల వచ్చిన నైజీరియన్లు కావచ్చు కానీ, చాలా మంది తరతరాలుగా అక్కడే ఉన్నవారు. నేటి నైజీరియా తీరంతో సహా పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతానం. మిసిసిపీలో సంపన్న చోక్టాలు పత్తి పండించడానికి నల్లజాతి బానిసలను ఉంచుకున్నారు, ఓక్లహోమాకు నడిచినప్పుడు ఆ బానిసలూ వెంట నడిచారు. 1866 ఒప్పందంతో వారికి విముక్తి వచ్చింది, 1880లలో పౌరసత్వం ఇచ్చారు, భూములు పంచినప్పుడు చోక్టాలకు 320 ఎకరాలు వస్తే వీరికి 40 ఎకరాలు వచ్చాయి. 1983 నాటి చోక్టా రాజ్యాంగం రక్తసంబంధం ఉన్నవారే సభ్యులని రాసుకోవడంతో ఈ కుటుంబాలు బయటే మిగిలిపోయాయి.

ఐర్లండ్‌లో కరువు వచ్చిందని విని 1847లో తమ లేమిలోంచి 170 డాలర్లు పోగు చేసి పంపినవారు కూడా ఈ చోక్టాలే. దాన్ని గుర్తుంచుకొని ఐర్లండ్‌లోని మిడిల్టన్‌లో 2017లో ఒక పెద్ద లోహశిల్పాన్ని ఆవిష్కరించారు. ఈ రెండు సంగతులూ ఒకే జాతివి, ఒకటి చెప్పి ఒకటి దాచడం నాకు ఇష్టం లేదు. తమ నేల మీద తమకు హక్కు ఉందని అంత గట్టిగా పోరాడినవారు, తమతో పాటే నడిచి వచ్చినవారి వారసులను సభ్యులుగా చేర్చుకోవాలని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: నేను ఏటూరునాగారం ప్రాంతంలో పనిచేస్తున్న ఉపాధ్యాయురాలిని. మీ పత్రికలో చోక్టాల గురించి ఇంతకుముందు ఒక చిన్న వ్యాసం చదివి మా తరగతిలోని కోయ పిల్లలకు చెప్పాను. ‘మేడమ్, వాళ్లకు ఉన్నది మనకు ఎందుకు లేదు?’ అని ఒక పాప అడిగింది. ఏమని చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, ములుగు జిల్లా

జవాబు: ఆ పాప అడిగింది చట్టం చదివినవారు అడగవలసిన ప్రశ్న. చోక్టాల అధికారం అమెరికాతో ఒక జాతిగా చేసుకున్న ఒప్పందాల మీద నిలబడింది. ఎంత తొక్కినా ఆ కాగితం చెరిగిపోలేదు. 2020లో అమెరికా సుప్రీంకోర్టు పొరుగున ఉన్న మస్కోగీ జాతి రిజర్వేషన్ ఎన్నడూ రద్దు కాలేదని తీర్పు ఇస్తే, 2021లో ఓక్లహోమా కోర్టు అదే న్యాయం చోక్టాలకూ వర్తిస్తుందని చెప్పింది. దానితో పోయిన పొలాలేమీ తిరిగి రాలేదు, నేరాల విచారణలో అధికారం ఎవరిదన్నది మారింది. మన ఆదివాసులకు అటువంటి ఒప్పందం లేదు, ఉన్నది రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు. అది రక్షణ ఇస్తుంది, ఆ రక్షణకు తాళం చెవి మాత్రం గవర్నరు దగ్గరే ఉంటుంది.

అయినా మనకు ఏమీ లేదని పాపకు చెప్పకండి, అది నిజం కాదు. కొమురం భీం జోడేఘాట్‌లో 1940లో ప్రాణం ఇచ్చిన తరువాత నిజాం ప్రభుత్వం ఆదివాసుల భూముల వైపు చూడక తప్పలేదు. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని చెప్పే 1/70 చట్టం ఉంది. చోక్టాలకు 1908లో అటువంటి కంచె ఉండి ఉంటే వారి పొలాలు వేలం పాటల్లో పోయేవి కావు, ఈ ఒక్క విషయంలో మన చట్టం వారి చట్టం కన్నా మేలు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గనుల లీజులు గిరిజనేతరులకు ఇవ్వరాదని, గనుల లాభంలో కనీసం ఇరవై శాతం స్థానిక అభివృద్ధికి పోవాలని సుప్రీంకోర్టు 1997లో సమతా తీర్పులో చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మాట చెప్పే హక్కు ఇచ్చింది. గనులు నడిపేవారు కట్టే సొమ్ముతో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి.

లోటు ఎక్కడుందో పాపకు అర్థమయ్యేలా చెప్పాలంటే రెండు కార్యాలయాలను పోల్చండి. మీ ఏటూరునాగారంలోని ఐటీడీఏను నడిపే ప్రాజెక్టు అధికారి ఎవరో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఆయన బదిలీ కూడా హైదరాబాదు నుంచే వస్తుంది. టాలిహీనా ఆస్పత్రిని నడిపేవారు చోక్టాలు ఓటు వేసి ఎన్నుకున్న అధినేతకూ, పన్నెండు మంది సభ్యుల మండలికీ జవాబు చెప్పాలి. మందులు లేకపోతే ఎవరిని నిలదీయాలో అక్కడి ముసలమ్మకు తెలుసు. అక్కడ మార్పు మొదలైంది కాసినోతో కాదు, ఈ ఏర్పాటుతో. డబ్బు తరువాత వచ్చింది. డెల్టాలో చమురు డబ్బు ముందే వచ్చింది, నిలదీసే వీలు రాలేదు.

తరగతిలో దీన్ని పాఠంగా చేయదలచుకుంటే నాదొక సూచన. మీ జిల్లాకు ఖనిజ నిధి కింద ఎంత సొమ్ము వచ్చిందో, దానిలో మీ మండలంలో దేనికి ఎంత ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద మీరే ఒక దరఖాస్తు పెట్టండి. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. జవాబు వచ్చాక ఆ కాగితాన్ని పిల్లలతోనే చదివించి, తరువాతి గ్రామసభకు వాళ్ల అమ్మానాన్నలతో పంపండి. ఆ పాప అడిగే రెండో ప్రశ్న ఏమిటో మాకు రాయండి, ఈ శీర్షికలోనే అచ్చు వేస్తాము.